దొర్కమ్మ సంచిలో తుపాకీ

రాయగడలో కుట్టుమిషన్ ఉన్న ఇల్లు ఏదైనా సరే, ఆ ఇంట్లో ఎవరో ఒకరికి దొర్కమ్మ తెలిసే ఉంటుంది. సూది విరిగితే ఎవరికి వాళ్ళే మార్చుకుంటారు. షటిల్ పట్టేసినా, గుడ్డ కింద దారం ఉండలు కడుతున్నా, పదేళ్ళు అటక మీద పడున్న మిషన్‌ని కూతురి కోసం మళ్ళీ దింపినా ఆవిడకి కబురెళ్తుంది. యాభై రెండేళ్ళ మనిషి. కళ్ళద్దాలకి కట్టిన నల్లతాడు మెడలో వేలాడుతుంటుంది, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు. మడమ నొప్పికి ఆడవాళ్ళ చెప్పులు పనికిరావని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ అంతే. భుజాన ఖాకీ గుడ్డ సంచి. ఆ సంచి బరువుకి కుడి భుజం ఎడమ భుజం కన్నా వేలెడు కిందికి జారిపోయింది.

దొర్కా అన్న పేరు వాళ్ళ నాన్న పెట్టాడు. ఆయన పేరు ఇజ్రాయెల్ మాస్టారు. బొబ్బిలి పక్క ఊరి నుంచి వచ్చి ఇక్కడి క్రైస్తవ మిషనరీల బడిలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేవాడు. విధవరాళ్ళకి అంగీలు కుట్టిపెట్టిన బైబిలు దొర్కా లాగా తన కూతురూ సూది పట్టుకుని పదిమందికి పనికిరావాలని ఆయన కోరిక. కూతురికి మాత్రం సూది మీద మనసు నిలవలేదు. మిషన్ని వెనక్కి వాల్చి, కింద తిరిగే చక్రాలూ కడ్డీలూ చూస్తూ కూర్చునేది. సైకిలు మీద ఊరూరా తిరిగి మిషన్లు బాగుచేసే ఏసుపాదానికి ఆమెనిచ్చి పెళ్ళి చేస్తుంటే, మనసుకి తగ్గ సంబంధమే దొరికిందని ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నారు.

ఏసుపాదం చేయి మంచిది. బాగున్న రోజుల్లో కొట్పాడ్, కుందుర దాకా బస్సులెక్కి వెళ్ళి వారం పదిరోజులు అక్కడే ఉండి, బడుల్లో, దర్జీ కొట్లలో ఉన్న మిషన్లన్నీ చూసి వచ్చేవాడు. తర్వాత షుగరు పట్టుకుంది. కళ్ళలో నరాలు చిట్లాయి. విశాఖపట్నంలో లేజరు పెట్టించినా ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడికంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అప్పటినుంచి ఆ సంచి దొర్కమ్మ భుజానికెక్కింది. పదకొండేళ్ళయింది. కూతురు దీనా బరంపురంలో నర్సు. రమ్మని పిలుస్తుంది, వీళ్ళే వెళ్ళరు. అలవాటైన ఇంట్లో ఏసుపాదానికి ఎక్కడ ఏ గోడ ఉందో తెలుసు. అక్కడికెళ్తే మళ్ళీ మొదట్నుంచీ తడుముకోవాలి.

దొర్కమ్మకి ఈ మధ్య పొద్దున్న లేచేసరికే అలసటగా ఉంటోంది. రాత్రి నిద్ర ఒంటికి పట్టడం లేదు. థైరాయిడ్ అన్నారు, మాత్ర వేసుకుంటోంది. మాత్ర వేసుకున్నాక కూడా అలాగే ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక చెప్పుకోవడం మానేసింది.

సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం, వాన తెరిపిచ్చిన వేళ, మోహన్‌కృష్ణ అనే కుర్రవాడు మోటారు సైకిలు మీద ఆమె ఇంటికొచ్చాడు. వాళ్ళది గుణుపూర్ దగ్గర వరి పండించే ఇల్లు. చదువైపోయాక ఏడాది కిందట, రాయగడ బయట మేనమామకున్న జీడితోటలో ఒక ఆట పెట్టాడు. రంగునీళ్ళు నింపిన మెత్తటి గోళీలని గాలి ఒత్తిడితో కొట్టుకునే ఆట. మొహానికి ముసుగులేసుకుని, చెట్ల చాటునుంచి ఒకరినొకరు కొట్టుకుంటారు, తగిలినచోట బట్ట మీద రంగు పడుతుంది. ఊరివాళ్ళు పెద్దగా ఆడరు గాని విశాఖపట్నం నుంచీ, కొరాపుట్ కొండలు చూడ్డానికొచ్చే వాళ్ళలోంచీ బాగానే వస్తున్నారు. తుపాకీల్లా ఉండే ఆ పరికరాలు ఎనిమిదీ బెంగళూరులో మూతబడిన ఒక ఆటస్థలం నుంచి కొనుక్కొచ్చాడు.

వాటిలో పాడైన ఒకదాన్ని అతను తెచ్చి బల్ల మీద పెడితే, చూసి, తుపాకులు బాగుచెయ్యడం నాకు రాదని దొర్కమ్మ చెప్పింది.

“గన్ కాదు ఆంటీ, దీన్ని మార్కర్ అనాల,” అన్నాడు మోహన్‌కృష్ణ. “లోపలున్న రబ్బరు రింగు మార్సాల. అది నాకొచ్చు. తెరుసుకోడమే నేదు.”

సంగతేమిటంటే దాని ఒళ్ళు రెండు డొప్పలుగా ఉండి, ఆరు బోల్టులతో బిగించి ఉంది. ఐదు వచ్చేశాయి. ఆరోదాని తలలో ఉండాల్సిన ఆరుపలకల గుంత అరిగి, చెంచాతో తోడినట్టు గుండ్రంగా అయిపోయింది. బోల్టు విప్పే ఆరుపలకల తాళం ఎటు తిప్పినా అందులో ఊరికే తిరుగుతోంది. తలేమో డొప్పలో లోపలికి దిగి ఉంది, పైనుంచి పట్టుకారుతో పట్టడానికి వీల్లేదు. తనే తప్పు తాళం పెట్టి తిప్పానని కుర్రవాడు ఒప్పుకున్నాడు. ఎవరో మీ దగ్గరికెళ్ళమన్నారని, మిషన్లలో ఇలాంటి మొండి స్క్రూలు తీసేది మీరొక్కరేనని అన్నాడు. ఆదివారం ఒక బ్యాంకు వాళ్ళు పదహారుమంది వస్తున్నారు. ఎనిమిదేసి మంది చొప్పున ఆడతారు, ఎనిమిదికి ఎనిమిదీ ఉండాలి.

ఆమె మొదట అడిగింది గాలి సంగతి. సిలిండరు తీసేశానని, లోపల మిగిలిన గాలి పోయేదాకా రెండుసార్లు నొక్కానని చెప్పాడు. గొట్టం గోడకి తిప్పి తను కూడా నొక్కి చూసి, అప్పుడు పనిలోకి దిగింది. గుంతలో సైకిలు ట్యూబు ముక్క వేసి, దాని మీంచి తాళం నొక్కి తిప్పింది. జారింది. కిరసనాయిలు చుక్కలు వేసి ఓ గంట వదిలేసి మళ్ళీ చూసింది. అదీ కాలేదు. ఏసుపాదం చేయి చాపి దాన్ని తీసుకుని, బోల్టు చుట్టూ గోటితో తడిమి, కొసన గట్టిపడిన జిగురు తగిలింది కాబోలు, వాసన చూశాడు.

“మరలకి జిగురెట్టి బిగించీసినారు. వేడి తగిల్తే గాని రాదిది,” అన్నాడు.

మర్నాడు శనివారం దొర్కమ్మకి కల్యాణసింగ్‌పూర్‌లో పనుంది. అక్కడ ఆడపిల్లల కుట్టు కేంద్రంలో ఏడు మిషన్లు మూలపడ్డాయి. ఆ వీధిలోనే తాతాజీ అనే అతనికి వెల్డింగు కొట్టు ఉంది, డ్రిల్లింగు మిషన్ ఉంది. కేంద్రంలో పని చేసుకుంటూ దీన్ని తాతాజీ దగ్గర తీయించి, సాయంత్రం పట్టుకొచ్చేస్తానంది. మోహన్‌కృష్ణ కొత్త రబ్బరు రింగు కూడా ఇచ్చి వెళ్ళాడు. బరువైన సామాను అడుగునుంటే భుజానికి సుఖమని, ఆ మార్కర్‌ని పాత తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టింది. దానిమీద షటిళ్ళు, బెల్టులు, నూనె డబ్బా, పనిముట్లు సర్దింది. అంతకు మించి ఆలోచన లేదు.

పొద్దున్న ఏడు గంటల బస్సు. కండక్టరు పేరు చిన్నబ్బాయి, పార్వతీపురం వైపు మనిషి. పదకొండేళ్ళుగా ఆమెని అక్క వరసకి ‘అప్పా’ అని పిలుస్తాడు, మెట్టు దగ్గర సంచి అందుకుంటాడు, డ్రైవరు వెనక సీటు ఆమెకోసం ఉంచుతాడు. ఆరోజూ అలాగే ఉంచాడు. ఎక్కగానే ఆమెకి కునుకు పట్టింది.

బస్సు ఆగిన కుదుపుకి మెలకువ వచ్చింది. రోడ్డుకి అడ్డంగా వెదురు గడ, పక్కన ఇసుకమూటలు. గంజాయి తనిఖీ. ఆ దారిలో నెలకి రెండుసార్లయినా ఉండేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక జవాను లోపలికొచ్చి సంచులు ఒక్కొక్కటే ఒత్తి చూస్తూ వస్తున్నాడు. దొర్కమ్మ సంచి అడుగున చేయి పెట్టి ఆగాడు. తువ్వాలు మీంచే గొట్టాన్ని, పిడిని తడిమాడు. మొహం మారిపోయింది. సంచి ఎవరిదని హిందీలో గట్టిగా అడిగాడు.

నాదేనంది ఆమె. అతను రెండడుగులు వెనక్కి వేసి భుజాన ఉన్న తుపాకీని చేతిలోకి తీసుకున్నాడు. కింద ఉన్నవాళ్ళకి కేక వేశాడు. అది ఆటవస్తువని, మిషన్లు బాగుచేసే దాన్నని దొర్కమ్మ ఒడియాలో చెప్పింది, హిందీలో చెప్పింది. చేతులు పైకెత్తి దిగమన్నారు. దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది. రెండో వరసలో కూరగాయల తవిటమ్మ కూర్చునుంది. కిందటి నెలే ఆవిడ కోడలి మిషన్ బాగుచేసి ఇచ్చింది. తవిటమ్మ చప్పున కిటికీలోంచి బయటికి చూడసాగింది. చిన్నబ్బాయి టిక్కెట్ల యంత్రం చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఈవిడని నేనెరుగుదునన్న ఒక్క మాట ఎవరి నోటినుంచీ రాలేదు.

మిగతా సంచులు చూసి బస్సుని వెళ్ళిపొమ్మన్నారు. కదిలే ముందు చిన్నబ్బాయి దిగి, సీటు మీద ఉండిపోయిన ఆమె అన్నం డబ్బా తెచ్చి రోడ్డు పక్క రాయి మీద పెట్టి, గబగబా ఎక్కేశాడు.

రేకుల కప్పున్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, వెనక వంటకి వేసిన పందిరి. లిప్సా అనే ఆడ కానిస్టేబులు తలుపు మూసి ఆమె ఒళ్ళంతా తడిమి చూసింది. ఇరవై అయిదేళ్ళుంటాయి ఆ పిల్లకి. చెప్పులు విప్పించింది, జడముడి విప్పించింది. పని ముగించి, ముడి మీరే వేసుకోండి మావుసీ అని, పిన్నిని పిలిచినట్టు, మెల్లగా అంది. ఆ మాటకి దొర్కమ్మకి ఏడుపొచ్చినంత పనైంది గాని రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి.

అక్కడి పెద్ద మహేశ్వరరావు. ఏఎస్ఐ. పర్లాకిమిడి మనిషి, రిటైరుమెంటుకి దగ్గరపడ్డవాడు. రాత్రంతా రోడ్డు మీదే ఉన్నట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె ఒడియాలో యాస పట్టుకుని తెలుగులోకి మారాడు. సంచిలోవన్నీ బల్ల మీద బోర్లించి, ఆ నల్లటి దాన్ని మాత్రం గుడ్డతో పట్టుకుని విడిగా పెట్టాడు.

ఆమె జరిగింది మొదట్నుంచీ చెప్పింది. దాన్ని మార్కర్ అంటారని కూడా చెప్పింది.

“మార్కరంటే బోర్డు మీద రాసుకునేది కాదేటమ్మా?” అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు.

మోహన్‌కృష్ణకి ఫోను చేశారు. జీడితోటలో సిగ్నలు అందదు. మూడుసార్లు చేసినా పలకలేదు. ఇంట్లో ఎవరున్నారని అడిగితే భర్త ఉన్నాడంది. నంబరు ఇవ్వమన్నాడు.

“ఆయనకి సెయ్యకండి సార్,” అంది దొర్కమ్మ. “కళ్ళు అవుపడవు. పోలీసులంటే కంగారుపడి గుమ్మం దాటీస్తాడు. రోడ్డు మీద పడిపోతే సూసేవోళ్ళు నేరు.”

మహేశ్వరరావు ఆ మాటకి ఫోను బల్ల మీద పెట్టేశాడు. తర్వాత బయటికెళ్ళి పైఅధికారితో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. రెండే దారులున్నాయన్నాడు. సాయంత్రం జీపు వస్తుంది, దానిలో వస్తువుతోపాటు ఆమెనీ రాయగడ పంపాలి, అక్కడ తెలిసినవాళ్ళు చూసి తేల్చేదాకా కూర్చోవాలి. అది ఇవాళ అవుతుందో రేపవుతుందో తను చెప్పలేడు. లేకపోతే దాని లోపలేముందో ఇప్పుడే తెరిచి చూపిస్తే, ఫొటోలు తీసి పంపుతాడు. తూటా పేల్చే సరంజామా ఏదీ లేదని వాళ్ళకి తోస్తే వదిలెయ్యమంటారు.

“తెరిసి సూపించమ్మా. అయిపోద్ది.”

“అది తెరుసుకోకే కదా సార్, నాను మోసుకెల్తన్నాను,” అంది.

వెనక పందిట్లో ఎవరో రొట్టెలు కాలుస్తున్నారు. దొర్కమ్మ సాయంత్రం గురించి ఆలోచించింది. మధ్యాహ్నం ఏసుపాదానికి సూదిమందు వెయ్యడానికి పక్కింటి పిల్ల వస్తుంది. రాత్రిది తనే వెయ్యాలి. జీపెక్కితే ఆ మనిషి చీకట్లో మంచం మీద కూర్చుని ప్రతి అడుగు చప్పుడుకీ తల తిప్పుతుంటాడు.

తన పనిముట్లు తనకిస్తే ఇక్కడే తీసి చూపిస్తానంది. సుత్తి, ఆకురాళ్ళు ఆమె చేతికియ్యడానికి జవాన్లు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మహేశ్వరరావు లిప్సాని పక్కన నిలబెట్టి ఇవ్వమన్నాడు. వస్తువు గొట్టాన్ని గోడవైపే ఉంచమన్నాడు.

డ్రిల్లింగు మిషన్ లేదు. ఉన్న వాటిలో ఏది పనికొస్తుందో ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని వెతికింది. పాత ఆకురాయి ఒకటుంది. దాని తోక, అంటే కర్రపిడిలోకి దూరే కొస, నాలుగు పలకలుగా మొదట్లో లావుగా, చివరికి సన్నగా ఉంటుంది. దాన్ని అరిగిన గుంతలోకి సుత్తితో దిగగొడితే నాలుగు అంచులూ ఇనుముని కొరికి పట్టుకుంటాయి. అప్పుడు తిప్పొచ్చు. పిడి ఊడదీసి, తోక గుంతకన్నా వెంట్రుకవాసి మాత్రమే లావుండేలా ఇంకో ఆకురాయితో రుద్దింది. దానికే అరగంట పట్టింది. అందరూ చూస్తూ నిలబడ్డారు. పని చేసేటప్పుడు ఆమె చుట్టూ ఎప్పుడూ మనుషులుంటారు, కాని ఎవరూ తుపాకీ పట్టుకుని ఉండరు.

తోకని గుంతలో నిలబెట్టి కొట్టింది. పొద్దుట్నుంచి నీళ్ళైనా తాగలేదేమో, దెబ్బలో పట్టు లేదు. మూడో దెబ్బకి ఆకురాయి పక్కకి జారి బొటనవేలు చీరుకుపోయింది. రక్తం బల్ల మీద పడింది. ఆమె సుత్తి కింద పెట్టి, వేలు నోట్లో పెట్టుకుని, అలాగే కూర్చుండిపోయింది.

లిప్సా ఎవరినీ అడక్కుండా వెళ్ళి టీ, నాలుగు బిస్కట్లు తెచ్చింది. వేలికి గుడ్డపీలిక కట్టింది. మా అమ్మకి కూడా మిషన్ ఉంది మావుసీ, ఆవిడా ఇలాగే వేళ్ళు చీరుకుంటుంది అని ఒడియాలో చెప్పింది. దొర్కమ్మ టీ తాగింది. పదకొండేళ్ళలో ఎన్ని మొండి స్క్రూలు తీసిందో లెక్కలేదు. తియ్యలేనివీ ఉన్నాయి. అప్పుడు చేతులు కడుక్కుని, నా వల్ల కాలేదమ్మా అని వచ్చేసేది. ఇవాళ అలా చెప్పి లేచిపోయే వీల్లేదు. అందుకు ఆమెకి భయం వెయ్యడం లేదు. చాలా దూరం నడిచినవాళ్ళకి ఇంకా ఉంది దారి అని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఏసుపాదం జిగురు సంగతి చెప్పాడు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. తను తొందరలో వేడి చెయ్యకుండానే కొట్టింది. వెనక పందిట్లోకి వెళ్ళనియ్యమని అడిగి, పాత స్క్రూడ్రైవరు కొసని పొయ్యి మంటలో ఎర్రగా కాల్చింది. దాన్ని పరుగున తెచ్చి బోల్టు తలలో ఆనించి పట్టుకుంది. చల్లారగానే మళ్ళీ కాల్చింది. నాలుగోసారికి లిప్సాయే కాల్చి తెచ్చిచ్చింది. ఆరోసారికి బోల్టు చుట్టూ సన్నగా పొగ లేచి, కాలిన జిగురు వాసన వచ్చింది.

ఈసారి తోకని నిలబెట్టి చిన్న చిన్న దెబ్బలు వేసింది. పట్టింది. ఆకురాయి ఒంటిని రెంచితో బిగించి పట్టుకుంది. మొండి స్క్రూని ముందు బిగించేవైపు కొంచెం కదపాలని, ఆ తర్వాతే విప్పేవైపు తిప్పాలని ఏసుపాదం చెప్పేవాడు. అలాగే కదిపింది. ఏమీ తెలియలేదు. మళ్ళీ కదిపింది. లోపలెక్కడో టిక్కుమంది. విప్పేవైపు తిప్పితే రెంచి చేతితోపాటు వచ్చింది. పావు చుట్టు, అర చుట్టు. ఆ తర్వాత బోల్టు తేలిగ్గా తిరుగుతూ పైకి లేచింది. మొండికేసిందంతా ఆ మొదటి పావు చుట్టులోనే.

డొప్ప ఎత్తి పక్కన పెట్టింది. లోపల ఒక పొడుగు స్ప్రింగు, రెండు ఇనుప దిమ్మలు, ప్లాస్టిక్కు మీట, ఎండి అట్టలు కట్టిన పసుపురంగు. పగిలిన రబ్బరు రింగు. మహేశ్వరరావు వంగి చూసి, ఎండిన రంగుని గోటితో గీకి వాసన చూశాడు. ఇంతేనా అని అడిగాడు. ఇంతేనంది. అతను ఫొటోలు తీసి పంపాడు. జవాన్లు ఒక్కొక్కళ్ళూ వచ్చి చూసి వెళ్ళారు. బస్సులో తుపాకీ చేతిలోకి తీసుకున్న అతను మాత్రం దగ్గరికి రాలేదు.

ఇరవై నిమిషాల తర్వాత వదిలెయ్యమని కబురొచ్చింది. అదే సమయానికి మోహన్‌కృష్ణ ఫోను కూడా వచ్చింది. కుర్రవాడు ఏడ్చినంత పనిచేస్తుంటే అవతలి మాట గదంతా వినిపిస్తోంది. తనిఖీ చేసి విడిచిపెట్టినట్టు ఒక కాగితం రాసి దొర్కమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. దానికి నకలు ఒకటి కావాలని ఆమె అడిగింది. మహేశ్వరరావు తన చేత్తోనే రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. సంచిలో సామాను సర్దడానికి కూడా తనే చెయ్యి వేశాడు. షటిళ్ళు, బెల్టులు ఎక్కడివక్కడ పెట్టలేక తంటాలు పడ్డాడు.

“ఏటీ అనుకోకమ్మా,” అన్నాడు చివరికి. “నిజంగా తుపాకీ అయ్యుండి, నాను వదిలీసుంటే...”

“అనుకోడానికి నాకు ఓపిక నేదు సార్,” అంది దొర్కమ్మ.

అతను సంచి ఆమెకి అందించాడు. ఆమె మాటలో కోపం లేదు, క్షమించడమూ లేదు. ఉన్నది అంతే.

అప్పటికి రెండు దాటింది. లిప్సా రోడ్డు మీద నిలబడి కల్యాణసింగ్‌పూర్ వైపు వెళ్ళే ఒక సిమెంటు వ్యానుని ఆపి, ముందు సీట్లో ఆమెని ఎక్కించింది. ఇంటికి పోదామా అని దొర్కమ్మకి ఒక్క క్షణం అనిపించింది. కాని కేంద్రంలో ఏడు మిషన్లు ఆగిపోయి ఉన్నాయి, ఈ వారం వెళ్ళకపోతే మళ్ళీ పదిరోజుల దాకా కుదరదు.

కేంద్రం నడిపే జయంతి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. కబురు ఆమె కన్నా ముందే వచ్చేసింది. దొర్కమ్మని తుపాకీతో పట్టుకున్నారని బస్సు దిగినవాళ్ళు సంతలో చెప్పారట. లోపల పదిమంది ఆడపిల్లలు గోడకి ఆనుకుని కూర్చుని ఆమెని చూస్తున్నారు. ఒక పిల్ల పక్కపిల్ల చెవిలో ఏదో అంది. జయంతి ఆమెని కూర్చోబెట్టి, ఎవరూ నమ్మలేదని, తనైతే అసలు నమ్మలేదని చెప్పింది. నమ్మనివాళ్ళు అంత వివరంగా ఎలా చెప్పుకున్నారో దొర్కమ్మ అడగలేదు. అన్నం డబ్బా విప్పి, చల్లారిన అన్నం, పులిసిన పప్పు తింది. తర్వాత మార్కర్ బయటికి తీసి, పిల్లలందరినీ దగ్గరికి పిలిచి, పై డొప్ప తీసి లోపల చూపించింది.

“ఇది స్ప్రింగు. ఇది రబ్బరు. మీ మిషన్లోనూ ఇయ్యే ఉంటాయి. సూసేరా అమ్మీ?”

చెవిలో గుసగుసలాడిన పిల్ల అందరికన్నా ముందుకొచ్చి, ఆ స్ప్రింగుని వేలితో నొక్కి చూసింది. దొర్కమ్మ వాళ్ళ ముందే కొత్త రింగు వేసి, డొప్ప మూసి, ఉన్న ఐదు బోల్టులతో బిగించింది. ఆరో దానికి తాతాజీ కొట్లో సరిపడే బోల్టు దొరికింది. ఏడు మిషన్లలో నాలుగు ఆవేళ చేసింది. మిగతా మూడింటికి ఒంట్లో సత్తువ చాలలేదు. వచ్చే శనివారం వస్తానంటే జయంతి సరేనంది.

తిరుగు బస్సు చిన్నబ్బాయిదే. మెట్టు దగ్గర సంచి అందుకోడానికి చెయ్యి చాపి, సగంలో ఆపాడు. దొర్కమ్మ తనే ఎక్కించుకుంది. బస్సు సగం దూరం వెళ్ళాక వచ్చి, సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

“అప్పుడు నోరు పెగల్నేదప్పా,” అన్నాడు. “ఇంట్లో సిన్నపిల్లలున్నారు. నన్నూ దింపేస్తారేమోనని...”

దొర్కమ్మ అతని మొహం చూసింది. అబద్ధం కాదు. పదకొండేళ్ళు సంచి అందుకున్నదీ అబద్ధం కాదు, పొద్దున్న తల వంచుకున్నదీ అబద్ధం కాదు.

“అన్నం డబ్బా తెచ్చిచ్చేవు కదా,” అంది.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. మోహన్‌కృష్ణ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏసుపాదానికి సంగతంతా అతనే చెప్పేశాడు, చెప్పకుండా ఉండలేకపోయానన్నాడు. ఆమె కాళ్ళకి దండం పెట్టబోతే ఆపింది. అతను దానిమీద ఏ కాగితమూ లేకుండా పంపడం తప్పని ఒప్పుకుని, ఇకనుంచి ప్రతిదాని గొట్టానికీ ఎర్ర పట్టీ వేయిస్తానని, పెట్టెమీద ఆటవస్తువని మూడు భాషల్లో రాయిస్తానని చెప్పాడు. మిగతావి కూడా ఏడాదికోసారి మీరే చూడాలని అడిగాడు.

“సూస్తాను బావూ. గాని నువ్వే తేవాలి, నువ్వే పట్టుకెల్లాలి. నాను మొయ్యను,” అంది.

అతను వెళ్ళాక ఏసుపాదం ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకుని, గుడ్డపీలిక కట్టిన వేలు తడిమాడు. ఎలా తీశావని అడిగాడు. ఆకురాయి తోకతో అని చెప్పింది. ఎన్నిసార్లు కాల్చావన్నాడు. ఆరుసార్లంది. ఆయన గుడ్డపీలిక ముడి సరిచేశాడు. తర్వాత, నేనైతే నాలుగోసారికే కొట్టి పాడుచేసేవాణ్ణి అన్నాడు. ఆమె సూదిమందు వేసి, గంజి పెట్టి, నడుం వాల్చింది. ఆదివారం ఆరాధనకి వెళ్ళలేదు. పెళ్ళయ్యాక ఒంట్లో జ్వరం లేకుండా మానడం అదే మొదలు.

తర్వాతి శనివారం మిగిలిన మూడు మిషన్ల కోసం మళ్ళీ అదే బస్సెక్కింది. మహేశ్వరరావు రాసిచ్చిన కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఈసారి పనిముట్లన్నీ సంచిలో పైనే ఉన్నాయి. వెదురు గడ దగ్గర బస్సాగింది. లోపలికొచ్చింది కొత్త జవాను, ఆమెని ఎరగనివాడు. సంచిలో సుత్తి, ఆకురాళ్ళు చూసి కిందకి దిగమన్నాడు. ఆమె సంచి తీసుకుని లేచింది. మడమ నేలకి ఆనించలేక సీట్లు పట్టుకుంటూ నడిచింది.

ఆమె వెనకే చిన్నబ్బాయి దిగాడు. మిమ్మల్ని దిగమనలేదని జవాను అన్నాడు. చిన్నబ్బాయి వెనక్కి తగ్గలేదు. ఈవిడ మిషన్లు బాగుచేస్తుందని, పదకొండేళ్ళుగా ఈ బస్సులోనే వెళ్తోందని, కావాలంటే తన పేరు, లైసెన్సు నంబరు రాసుకోమని వచ్చీరాని హిందీలో చెప్పాడు. బస్సులోంచి ఇంకెవరో కూడా అవునన్నారు. అది తవిటమ్మ గొంతో కాదో దొర్కమ్మ తిరిగి చూడలేదు. జవాను సంచిలో చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి, వెళ్ళమన్నాడు.

చిన్నబ్బాయి సంచి అందుకున్నాడు. ఆమె ఇచ్చింది. సీట్లో కూర్చుని తల కిటికీకి ఆనించింది. టిక్కెట్టు కోసం అతను వచ్చేసరికే ఆమె నిద్రపోయి ఉంది. కల్యాణసింగ్‌పూర్ వచ్చేదాకా లేపొద్దని అతను పక్కవాళ్ళతో అన్నాడు.